మతి ఎటు పోయినట్టు? గర్భిణి మెదడు గురించి నాలుగు మాటలు

(గర్భిణులు, వారి కుటుంబాల కోసం ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందు వరుసలో నెలలు నిండిన అమ్మాయిలు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. మధ్యలో లేవాలనిపిస్తే మొహమాటపడకుండా లేచి వెళ్ళండి. కాస్త నడుం వాల్చి, మళ్ళీ వచ్చి కూర్చోండి. నేనేమీ అనుకోను.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒకావిడ చూపించుకోవడానికి వచ్చేది. లెక్కల పని చేసే మనిషి, అంకెలన్నీ నోటికే ఉంటాయి. ఎనిమిదో నెల. ఆ రోజు బీపీ చూశాను, బిడ్డ గుండె చప్పుడు విన్నాను, అంతా బాగుంది, ఇక వెళ్ళిరామ్మా అన్నాను. లేవలేదు. చేతిలో ఫైలు మూస్తోంది, తెరుస్తోంది. ‘‘డాక్టరుగారూ, పదేళ్లుగా నా పక్క సీట్లో కూర్చునే ఆవిడ పేరు నిన్న నోటికి రాలేదండీ. ఎదురుగా నిలబడి ఉంది, మొహం తెలుస్తోంది, పేరు లేదు. నా బుర్ర ఇక ఇంతేనా?’’ అంది. అని ఏడ్చేసింది.

‘‘ఈ టైములో ఇదంతా మామూలేనమ్మా’’ అన్నాను నేను. భుజం తట్టి పంపించాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదు, నోరు మూయించే మాట. ఆవిడకు ఆ రోజు చెప్పాల్సింది ఇవాళ మీకు చెబుతాను.

ముందు ఫిర్యాదు సంగతి చూద్దాం. గర్భిణులను కదిపి చూసిన సర్వేల్లో సగం మంది నుంచి 80 శాతం దాకా మతిమరుపు పెరిగిందనో, ధ్యాస నిలవట్లేదనో అన్నవాళ్ళే. ఇంతమంది ఒకే మాట అంటుంటే శాస్త్రవేత్తలు పరీక్ష పెట్టి చూడకుండా ఉంటారా? చూశారు. అక్కడే తికమక మొదలైంది. ఆస్ట్రేలియాలో హెలెన్ క్రిస్టెన్సెన్ బృందం 20 నుంచి 24 ఏళ్ల వయసు యువతులను గర్భం రాకముందే పరీక్షించి, నాలుగేళ్లకొకసారి మళ్ళీ పిలిచి చూసింది. 2010లో ఫలితం చెప్పారు: గర్భం వల్ల పడిన తేడా ఏమీ కనిపించలేదు. అదే దేశంలో 2018లో డీకిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అప్పటిదాకా జరిగిన 20 పరిశోధనలను గుదిగుచ్చి లెక్క తీశారు. 709 మంది గర్భిణులు, గర్భం లేని స్త్రీలు 521 మంది. అందులో మాత్రం తేడా తేలింది. జ్ఞాపకంలో కొంత, ఒక పని పెట్టుకుని దాన్ని వరసగా నడిపించుకునే నేర్పులో కొంత తగ్గుదల ఉంది. చివరి మూడు నెలల్లో అది మరీ స్పష్టం. అయితే ఆ తగ్గిన మార్కులు కూడా మామూలు మనుషులకు వచ్చే మార్కుల హద్దులోనే ఉన్నాయి. తేడా ఆ మనిషికి తెలుస్తుంది, దగ్గరివాళ్ళు పసిగడతారు, బయటివాళ్ళకు పట్టుబడదు.

ఎలాంటి జ్ఞాపకం తగ్గుతుందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. కొన్ని మాటలు చదివి వినిపించి, కాసేపాగి ‘ఏమేం చెప్పాను?’ అని అడిగితే గర్భిణులు కొంచెం వెనకబడతారు. అవే మాటలు కాగితం మీద చూపించి, వీటిలో నేను చెప్పినవి ఏవో గుర్తుపట్టమంటే వెనకబడరు. అంటే సరుకు లోపల భద్రంగానే ఉంది. అడగ్గానే తీసి అందించే చెయ్యి నెమ్మదించింది, అంతే. మా లెక్కలావిడకు మొహం తెలిసి పేరు రాకపోవడం సరిగ్గా ఇదే.

ఇంకొకటి చూడండి. ఫలానా వేళకు ఫలానా పని గుర్తుపెట్టుకుని చెయ్యాలి అని పరిశోధనశాలలో కూర్చోబెట్టి పరీక్షిస్తే గర్భిణులు అందరిలాగే చేస్తారు. అదే తరహా పని ఇంటికి పంపి చేయమంటే మరిచిపోతారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒకే పని చేతిలో ఉన్నప్పుడు బుర్రకు ఏ లోటూ లేదు. ఇంట్లో పది పనులు ఒకేసారి మీద పడతాయి, రాత్రి నిద్ర ఉండదు, కడుపులో బిడ్డ తంతుంటుంది. మరిచిపోతున్నానని ఆవిడ చెప్పిందీ నిజమే, పరీక్షలో ఏమీ దొరకలేదని వీళ్ళు చెప్పిందీ నిజమే. ఇద్దరూ చూసిన చోట్లు వేరు.

ఇప్పుడు మెదడు లోపలికి వెళ్దాం.

2016 డిసెంబరులో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎల్సెలిన్ హూక్జెమా, సుసానా కార్మోనా, వాళ్ళ తోటివాళ్ళు బార్సిలోనాలో చేసిన పని. నాకు దాని మీద గౌరవం ఎందుకంటే, వాళ్ళు గర్భం వచ్చాక మొదలుపెట్టలేదు. బిడ్డను కనాలనుకుంటున్న స్త్రీలను ముందే పిలిచి ఎంఆర్ఐ స్కాన్ తీసి, కాన్పయ్యాక మళ్ళీ తీశారు. తొలి కాన్పు తల్లులు 25 మంది, బిడ్డల్లేని స్త్రీలు 20 మంది, పోల్చి చూడటానికి మగవాళ్ళు కూడా. తేలిందేమిటంటే, తల్లులయినవాళ్ళందరి మెదడులోనూ కొన్ని చోట్ల గ్రే మ్యాటర్ తగ్గింది. గ్రే మ్యాటర్ అంటే నాడీకణాల దేహాలు కిక్కిరిసి ఉండే పొర. ఆ మార్పులను మాత్రమే కంప్యూటరుకు ఇచ్చి, వీళ్ళలో గర్భం దాల్చినవాళ్ళెవరో చెప్పమంటే ఒక్కరి దగ్గర కూడా తప్పు పోలేదు. మామూలుగా గర్భం వచ్చినవాళ్ళకూ, చికిత్సతో వచ్చినవాళ్ళకూ తేడా లేదు. రెండేళ్ల తర్వాత చూసినా ఆ మార్పు అలాగే ఉంది. ఆరేళ్లకు కొందరిని మళ్ళీ పిలిచి చూశారు, అప్పటికీ ఉంది.

తగ్గింది అనగానే మీ మొహాల్లో కంగారు కనిపిస్తోంది. కాస్త ఆగండి. ఇలాంటి తగ్గుదల మనందరికీ ఒకసారి జరిగిపోయింది, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో. యౌవనంలోకి వచ్చేటప్పుడు మెదడులో గ్రే మ్యాటర్ తగ్గుతుంది. అప్పుడు ‘పిల్లకు మతి పోతోంది’ అని ఎవరూ అనలేదు, పెద్దదవుతోంది అన్నారు. 2019లో కార్మోనా బృందం ఆ వయసు ఆడపిల్లల మెదడులో వచ్చే మార్పులనూ, తొలి కాన్పు తల్లుల మెదడులో వచ్చే మార్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా దగ్గరగా ఉన్నాయి. చేలో మొక్కలు ఒత్తుగా మొలిస్తే కొన్నిటిని పీకి పలచన చేస్తాం కదా, మిగిలినవి దుబ్బు కట్టడానికి. మెదడు కూడా నాడీకణాల మధ్య వాడని అతుకులు తీసేసి, వాడేవాటిని గట్టిచేసుకుంటుంది. స్కాన్లో కనిపించేది పరిమాణం మాత్రమే, ఒక్కొక్క కణం కనిపించదు. కానీ తగ్గిన చోట్లు ఏవో చూస్తే ఇది పాడవడం కాదని అర్థమవుతుంది.

ఏమిటా చోట్లు? ఎదుటి మనిషి మనసులో ఏముందో పోల్చుకోవడానికి మనం వాడే చోట్లు. అదే తల్లులకు స్కానర్‌లో వాళ్ళ బిడ్డ ఫొటో, వేరే బిడ్డల ఫొటోలు చూపించారు. సొంత బిడ్డను చూసినప్పుడు ఎక్కువగా పనిచేసిన చోట్లలో కొన్ని సరిగ్గా ఆ తగ్గిన చోట్లే. తగ్గుదల ఎక్కువున్న తల్లులకు బిడ్డతో అనుబంధం గురించిన ప్రశ్నల్లో మార్కులూ ఎక్కువ వచ్చాయి. నోరు లేని ప్రాణి అది. ఆకలో, నొప్పో, భయమో, ఉత్త విసుగో తల్లే పోల్చుకోవాలి. అందుకు కావాల్సిన హంగు కాన్పుకు ముందే సిద్ధమవుతోందన్నమాట.

జ్ఞాపకం మాట మరిచిపోలేదు. ఆ 25 మందికి జ్ఞాపకశక్తి పరీక్షలు కూడా పెట్టారు. చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. కొత్త జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్ కొంత తగ్గింది, రెండేళ్లకు అది కొంత తిరిగి పుంజుకుంది. మిగతా చోట్లలో లేని కోలుకోవడం దానిలో కనిపించింది.

అయితే ఆ పరిశోధనలో ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో. మధ్యలో తొమ్మిది నెలలూ ఏం జరిగిందో తెలియదు. దాన్ని పూరించింది లిజ్ క్రాస్టిల్ అనే నాడీ శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలో పనిచేస్తారు. తను గర్భం దాల్చబోతూ తన మెదడునే పరిశోధనకు ఇచ్చారు. అప్పుడు ఆవిడ వయసు 38. గర్భం రావడానికి 3 వారాల ముందు నుంచి, బిడ్డకు 2 ఏళ్లు వచ్చేదాకా 26 సార్లు స్కాన్ తీయించుకున్నారు, దాంతోపాటు రక్తపరీక్షలు. 2024లో వచ్చిన ఆ ఫలితాల్లో గ్రే మ్యాటర్ వారం వారం మెల్లగా దిగుతూ వచ్చింది. చూసిన ప్రాంతాల్లో 5లో 4 వంతులు అలాగే దిగాయి. అదే సమయంలో ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి కబురు మోసే తీగల కట్టలు ఉన్నాయి చూడండి, వైట్ మ్యాటర్ అంటాం, అవి మధ్య నెలల్లో బలపడి, కాన్పు వేళకు మళ్ళీ మొదటి స్థితికి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది కార్మోనా బృందమే వంద మందికి పైగా గర్భిణుల్లో చూసి చెప్పింది: గ్రే మ్యాటర్ దాదాపు 5 శాతం దాకా తగ్గుతుంది, కాన్పు తర్వాత కొంత తిరిగి వస్తుంది. ఈస్ట్రోజన్ ఎక్కి దిగే తీరుతో అది ముడిపడి ఉంది.

మా లెక్కలావిడ దగ్గరికి ఒకసారి వెళ్దాం. కాన్పయ్యాక ఆరో వారం వచ్చింది. మందు రాసిచ్చాను. ఏ మాత్ర ఎప్పుడో రెండుసార్లు అడిగింది, మూడోసారి కాగితం మీద రాయించుకుంది. తలుపు వేసే ఉంది. బయట వరండాలో ముగ్గురో నలుగురో పసిపిల్లలు ఒకేసారి ఏడుస్తున్నారు. నా చెవికి అన్నీ ఒకటే ఏడుపు. ఆవిడ మాట మధ్యలో ఆగింది. తల కొంచెం అటు తిప్పింది. ‘‘మావాడు లేచాడండీ, ఆకలి ఏడుపు కాదిది, తడిపినట్టున్నాడు’’ అంటూ లేచి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి చూశాను. తడిపాడు. మాత్ర పేరు నిలవని బుర్రలోనే అది కూడా ఉంది. మాటల జాబితా చదివించే మా పరీక్షల్లో దీనికి మార్కులు ఎక్కడున్నాయి?

ఎలుకల్లో దీన్ని ఇంకా బాగా చూశారు. క్రెయిగ్ కిన్స్లీ, కెల్లీ లాంబర్ట్ అనే ఇద్దరు 1999లో రాశారు, పిల్లలను పెంచిన ఎలుకలు చిక్కుదారుల్లో మేత ఎక్కడుందో కన్య ఎలుకల కంటే బాగా నేర్చుకుని గుర్తుపెట్టుకున్నాయని. నాకు మరీ నచ్చింది వాళ్ళు చేసిన ఇంకో పరీక్ష. ఆకలితో ఉన్న ఎలుకను ఒక ఆవరణలో వదిలి, అందులోకి కీచురాయిని వదిలారు. కన్య ఎలుకకు దాన్ని పట్టి తినడానికి సగటున దాదాపు 270 సెకన్లు పట్టింది. పాలిచ్చే తల్లికి 50 సెకన్ల చిల్లర. గూట్లో పిల్లలను వదిలి వచ్చిన తల్లి అది, ఎంతసేపు బయట తిరగగలదు? ఆ చురుకుదనం పిల్లలు పెద్దవైపోయాక కూడా పోలేదు. ముసలితనంలోనూ తల్లి ఎలుకల జ్ఞాపకం మెరుగ్గా నిలిచింది. మనిషి ఎలుక కాదు, నిజమే. కానీ మనుషుల్లో కూడా, బ్రిటన్‌లో జనం ఆరోగ్య వివరాలు పోగుచేసి ఉంచే బయోబ్యాంకులోని 12,000 మందికి పైగా నడివయసు స్త్రీల స్కాన్లు చూసి 2019లో చెప్పారు, బిడ్డలను కన్నవాళ్ళ మెదడు వయసుకంటే కాస్త పడుచుగానే కనిపించిందని.

ఇదంతా చేయించేది ఎవరు? హార్మోన్లు. మొదట అండాశయం, రెండు మూడు నెలలు దాటేసరికి మాయ, ఈస్ట్రోజన్‌నూ ప్రొజెస్టరాన్‌నూ కుమ్మరిస్తాయి. ఈస్ట్రోజన్ వందల రెట్లు పెరుగుతుంది. ప్రొజెస్టరాన్ నుంచి మెదడును జోకొట్టే పదార్థం ఒకటి తయారవుతుంది. మీలో చాలామందికి పగలు కూడా కునుకు ఆగకపోవడంలో దాని చెయ్యి ఉంది. రక్తం మొత్తం దాదాపు సగం పెరుగుతుంది. కాన్పయి మాయ బయటపడ్డాక ఒకటి రెండు రోజుల్లో ఆ హార్మోన్లన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. కొండెక్కించి కిందికి తోసినట్టు ఉంటుంది. 1972లో టెర్కెల్, రోజెన్‌బ్లాట్ అనే ఇద్దరు అప్పుడే ఈనిన ఎలుక రక్తాన్ని కన్య ఎలుకకు ఎక్కించారు. మామూలుగా కన్య ఎలుకను పిల్లల మధ్య వదిలితే వాటిని దగ్గరికి తీసుకోవడానికి రోజులు పడుతుంది. ఈ ఎలుక ఒక్కరోజులోపే వాటిని నోట కరుచుకుని గూటికి చేర్చుకుంది. తల్లితనం రక్తంలో ఉందని పెద్దలు ఊరికే అంటుంటారు, ఆ మాట అక్షరాలా జరగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

నిద్ర గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీకే తెలుసు. ఎవరికైనా వారం రోజులు తెగిన నిద్రే అయితే పేర్లు మరిచిపోతారు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. ఇంట్లోవాళ్ళు కూడా వినండి. ‘గర్భిణి కదా’, ‘బాలింత కదా’ అనే మాట కింద చాలా జబ్బులు దాక్కుంటాయి. ఒక బాలింత ఆరో నెలలో నా దగ్గరికి వచ్చి ఏదీ గుర్తుండట్లేదు, ఒళ్ళంతా బరువు, జుట్టు ఊడుతోంది అంది. రాత్రుళ్ళు లేస్తున్నావు కదమ్మా అని పంపేశాను. రెండు నెలల తర్వాత వేరే డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తగ్గిపోయి ఉంది. కాన్పు తర్వాత 20 మందిలో ఒకరికి థైరాయిడ్ ఇలా దెబ్బతింటుంది. నేను చదువుకున్నదే అది. రెండు నెలలు ఆమె అనవసరంగా బాధపడింది, నా వల్ల. అప్పటి నుంచి మతిమరుపు అన్న ప్రతి తల్లికీ హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, థైరాయిడ్ చూడకుండా పంపను.

మనసు సంగతి కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయినవాళ్ళలో 13 శాతం మందికి మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, వస్తుంది. డిప్రెషన్ ఉన్న మనిషి ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పకపోవచ్చు. ‘బుర్ర పనిచేయట్లేదు, ఏ పనీ తోచట్లేదు’ అని చెబుతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోయినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించట్లేదన్నా డాక్టరుకు చెప్పాలి. మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులున్నాయి. ఇందాక జోకొట్టే పదార్థం అన్నాను చూడండి, దాని బాటలోనే చేసిన మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక, వెయ్యి మందిలో ఒకరిద్దరికి కాన్పయిన మొదటి వారాల్లోనే లేని మాటలు వినిపించడం, పొంతన లేకుండా మాట్లాడటం, బిడ్డ గురించి విపరీతమైన అనుమానాలు రావడం జరుగుతుంది. అది కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆ తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

ప్రశ్నలు అడుగుతారా? అక్కడ వెనక ఉన్న బాబు... తండ్రి మెదడు మారదా అంటున్నారు.

మారుతుంది నాయనా. బార్సిలోనా వాళ్ళు మొదట చూసినప్పుడు తండ్రుల్లో ఏమీ కనిపించలేదు. తర్వాత ఇంకా నిశితంగా చూస్తే చిన్న చిన్న మార్పులు దొరికాయి. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ 2014లో చూపించిన సంగతి మీకు బాగా పనికొస్తుంది. తల్లి లేకుండా తామే బిడ్డను పెంచుతున్న తండ్రుల మెదడులో, బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని ఉలిక్కిపడే భాగం తల్లులకు పనిచేసినట్టే గట్టిగా పనిచేసింది. తండ్రులు బిడ్డను చూసుకుంటూ గడిపిన సమయం ఎంత ఎక్కువైతే మెదడులో ఆ అల్లిక అంత గట్టిగా ఉంది. తల్లికి తొమ్మిది నెలలు హార్మోన్లు చేసిపెట్టిన పనిని మీరు చేతులతో చేసి సంపాదించుకోవాలి. రాత్రి ఏడిస్తే మీరు లేవండి.

ఇంకా? ఆ పసుపు చీర అమ్మాయి. వచ్చే నెల పరీక్ష ఉందా? ఎన్నో నెల? ఎనిమిది. రాయాలా మానాలా అంటున్నావు.

రాయమ్మా. గర్భం వచ్చిందని చదువు వాయిదా వేయక్కర్లేదు. ఇందాక చెప్పాను కదా, లోపల ఉంటుంది, అడగ్గానే రావడమే ఆలస్యం అని. కాబట్టి ఊరికే చదువుకుంటూ పోవద్దు. పుస్తకం మూసి, చదివినదాన్ని పైకి చెప్పుకో. ఆ తీసే చెయ్యికే సాధన కావాలి. ప్రశ్నపత్రం చూడగానే గుర్తొచ్చిన ముక్కలన్నీ జవాబు పత్రం చివర గబగబా రాసిపెట్టుకో, వరుస తర్వాత చూసుకోవచ్చు. రాత్రి మేలుకుని చదవడం మానెయ్, పగలు అరగంట పడుకో. మధ్యలో బయటికి వెళ్ళాల్సి వస్తుందని ముందే అనుమతి తీసుకో, నీళ్ల సీసా దగ్గర పెట్టుకో. అన్నిటికంటే ముందు నీ రక్తం సంగతి తెలియాలి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే నేను చెప్పిన కిటుకులేవీ పనిచేయవు. కిందటిసారి చేయించిన రిపోర్టు సంచిలో ఉందా? ఉంటే ఇలా ఇవ్వు, చూస్తాను.